వ్యాను బాబాయ్ ఇరుక్కున్న మధ్యాహ్నం

మా సందు చివరి ఇంట్లో ఉండే స్కూలు వ్యాను డ్రైవరు ఆ మధ్యాహ్నం తన వ్యానులోనే ఉండిపోయాడు. ఎడమ పక్క టీచరమ్మగారి ప్రహరీ, కుడి పక్క సరుకుల బండి. ఏ తలుపూ జానెడు కూడా తెరుచుకోలేదు. కిటికీలోంచి దూరే ఒళ్ళు కాదు ఆయనది. వెనక తలుపుంది కానీ, ఇంకొందరు పిల్లలు పడతారని దానికి అడ్డంగా సీటు బిగించుకున్నది ఆయనే. ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అందరికీ ఆయన వ్యాను బాబాయ్. కాదనడం చేతకాదు, అవుననడానికీ నోరు రాదు. ఏదడిగినా "చూద్దాంలే" అని బకెట్టు పట్టుకుని వ్యాను కడగడానికి వెళ్ళిపోతాడు. ఇంట్లో మాట పెరిగినా అంతే, వీధిలో పెరిగినా అంతే. అంత శుభ్రమైన వ్యాను ఊళ్ళో ఇంకోటి లేదు.

సందు మొదట్లో కిరాణా కొట్టు పెడతానని వచ్చినవాడు స్వయానా ఆయన బావమరిది. గోడౌను తలుపేమో సందులోకి. సరుకుల బండి వచ్చేది బడి వేళలకే. సందుకి రెండో దారి లేదు. బండి ఆగితే వ్యాను కదలదు, వ్యాను కదలకపోతే పిల్లలు బడి గేటు దగ్గరే. నాలుగు రోజులు అలా జరిగితే తల్లిదండ్రులు వేరే వ్యాను చూసుకుంటారు. ఈ సంగతి బాబాయ్‌కి అందరికంటే ముందే తట్టింది. బండి పక్కనుంచి వ్యాను పడుతుందని బావమరిది, పట్టదని టీచరమ్మ వీధిలో వాదించుకుంటున్నా, పైకి మాత్రం అనలేదు.

"మా తమ్ముడి తరఫున ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య.

"చూద్దాంలే."

"నువ్వు పట్టదంటే పట్టదు నాయనా. తోలేవాడివి నువ్వు" అంది టీచరమ్మ.

"చూద్దాంలేండి."

ఇద్దరూ ఆయన ఒప్పుకున్నాడనే అనుకున్నారు.

ఇక తేల్చేద్దామని బావమరిది అద్దెబండి తెచ్చి గోడౌను తలుపు పక్కన నిలబెట్టించాడు. "మా బావ స్టీరింగు పట్టాడంటే వెంట్రుకవాసి సందు చాలు. మీరే చూడండి" అన్నాడు వీధివాళ్ళతో.

బాబాయ్ అద్దాలు మడిచి సగం దాకా పోనిచ్చాడు. బండి కొక్కెం వ్యాను తలుపు పిడిలో తగులుకుంది. ముందుకు పోనిస్తే ఒక చప్పుడు, వెనక్కి పోనిస్తే ఇంకో చప్పుడు. బండి డ్రైవరేమో తాళాలు జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళాడు. ఫోను ఎత్తడు.

"చూశారా, పట్టలేదు" అంది టీచరమ్మ ప్రహరీ మీదుగా.

"లోపలికి వచ్చిందిగా టీచరుగారూ" అన్నాడు బావమరిది.

"సీసాలో ఇరుక్కున్న బిరడా కూడా లోపలికి వెళ్ళినట్టే నాయనా."

భార్య కిటికీలోంచి మంచినీళ్ళ గ్లాసు అందించి, "మాట గుర్తుందిగా" అని మెల్లగా అంది. ఆయన తాగి గ్లాసు ఇచ్చేశాడు. అలవాటు కొద్దీ బకెట్టు కోసం చూశాడు. అది ఇంటి అరుగు మీద ఉంది.

అప్పుడు ఫోను మోగింది. బడి ఆయా.

"బాబాయ్, బడి విడిచిపెట్టేశారు. పిల్లలు గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు. చిన్నది ఏడుస్తోంది. ఎక్కడున్నావు?"

"ఇంటి దగ్గరే" అన్నాడు. అబద్ధమేం కాదు, ఇల్లు ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

ఫోను పెట్టేసి బావమరిదిని పిలిచాడు. "ఆ గోడౌను తలుపు మూయించి రోడ్డు వైపు పెట్టించుకో. నీ బండి ఈ సందులోకి రావడానికి వీల్లేదు. వస్తే అందరికంటే ముందు నేనే ఆపుతాను." టీచరమ్మ మొహం విప్పారుతూ ఉండగానే అటు తిరిగాడు. "మీరూ గేటు ముందున్న పూలకుండీలు లోపలికి జరపండి. రోజూ వాటిని తప్పించలేక చస్తున్నా."

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క గ్లాసు వైపు చూసింది. ఈలోగా బండి డ్రైవరు మూతి తుడుచుకుంటూ వచ్చి, కొక్కెం విప్పి, బండి తీశాడు. బాబాయ్ హారను మోగిస్తూ బడికి పోయాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి మేస్త్రీ రోడ్డు వైపు గోడకి కొలతలు తీస్తున్నాడు. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇన్నేళ్ళూ నోరు విప్పని మనిషి, నలుగురిలో మా తమ్ముణ్ణి అంత మాట అనేశారేంటండీ?"

బాబాయ్ అరుగు మీది బకెట్టు అందుకున్నాడు.

"దిగే దారుంటే అనేవాణ్ణి కాదే."