అంచు దాకా నింపిన ఇసుక

విశాఖలో మా ఇల్లు కొండవాలులో ఉంటుంది. మా ఆయన తన చిన్న ట్రక్కులో పోర్టు నుంచి బొగ్గు తోలుతాడు. ఎప్పుడూ తొట్టి అంచు దాకా నింపడం ఆయనకు అలవాటు. మొన్న ఇంటి పనికి తడి ఇసుకనూ అలాగే నింపాడు.

నేను పక్కన కూర్చున్నాను. మా వీధి ఎక్కుతుండగా ముందు చక్రాలు గాల్లోకి లేచాయి.

"ఓలమ్మో! నాను దిగిపోతాను," అంటూ తలుపు పట్టుకున్నాను.

"కదలకే! నువ్వు దిగితే బండి ఎనక్కి పడిపోతాది!" అని అరిచాడు.

వీధిలోవాళ్లు పరుగున వచ్చి ఇసుక తోడేసేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

అంచు అదే అయినా, బొగ్గుకంటే తడి ఇసుక దాదాపు రెట్టింపు బరువట! రోజూ నన్ను లావైపోతున్నావని వెక్కిరించే ఆయన, ఆ తర్వాత ఆ మాట ఎత్తితే ఒట్టు.