చిన్నమామ బావి వీడియో

ఆ రోజుల్లో మా ఆర్మూరులో పెళ్లి వీడియో బాగోగులను కెమెరా సైజును బట్టే తేల్చేసేవారు. భుజం మీద మోసే పెద్ద కెమెరా కనిపిస్తే పెళ్లివారు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. అరచేతిలో పట్టే కొత్త హ్యాండీక్యామ్ తీసుకెళ్తే మాత్రం "గిదేందే, పిల్లలాడుకునేది తెచ్చినవ్? అసలుది యాడున్నది?" అని నిలదీసేవారు. (అసలుది ఇదేనని, బొమ్మ ఇందులోనే బాగా వస్తుందని చెబితే నమ్మినవాడు ఒక్కడూ లేడు.) నేను డిగ్రీ రెండోసారి తప్పి, బస్టాండు దగ్గరి ఫొటో స్టూడియోలో కొత్తగా పనికి కుదిరాను. నాలుగు పెళ్లిళ్లు తీశానో లేదో, నా అంత కెమెరామన్ జిల్లాలోనే లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ మాట మా చిన్నమామ కూడా నమ్మడంతో వచ్చింది చిక్కు.

చిన్నమామ అంటే మా అమ్మ తమ్ముడు. చుట్టుపక్కల ఎవరి బావిలో మోటారు పడిపోయినా ఆయనకే కబురు వచ్చేది. నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున మోటారుకు మోకు బిగించి పైకి తేలేవాడు. ఏర్గట్ల నుంచి సిరికొండ దాకా ఆయన దిగని బావి లేదు. ఆయనకు పిల్లనిస్తామన్న ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. చివరికి ముప్కాల్‌లో ఒక సంబంధం తగిలింది. పిల్లకు మామ నచ్చాడు. మామకైతే పిల్లను చూసి వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అడ్డం పడ్డది పిల్ల తండ్రి ఒక్కడే. "పిలగాడు మంచోడే. కని బాయిల దుంకెటోడు పొద్దుగాల పోతే మాపటికి ఇంటికొస్తడని నమ్మకమేంది?" అన్నాడాయన. పైగా శుక్రవారం మధ్యాహ్నం వేరే సంబంధం వాళ్లు మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారట.

మామ స్టూడియోకు వచ్చి నా ముందు కూలబడ్డాడు. "అల్లుడా, గాయనకు నీళ్ల మీద బుడగలే కనవడ్తున్నయ్. లోపట నేనెంత పైలంగ పని చేస్తనో కండ్లార సూస్తే ఒప్పుకుంటడు. జర వీడియో తియ్యి. గీ పిల్ల కాకుంటే నాకింక పెండ్లే వద్దు" అన్నాడు. నీళ్లలో వీడియో ఎలా తీస్తారో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. "గదెంత పని మామా, ఫికర్ చెయ్యకు" అనేశాను.

మామ మనసు పెద్ద కెమెరా మీద ఉంది ("గదైతేనే కాబోయే మామగారికి జర ఇజ్జత్ అనిపిస్తది"). దాన్ని నీళ్లలో దింపాలంటే గాజుతో బీరువా చేయించాలి కాబట్టి చిన్నదే గతి అని తేల్చాను. ముందుగా ఒక సబ్బుబిళ్లను కెమెరా అనుకుని పాలిథిన్ కవర్లలో చుట్టి తొట్టిలో ముంచాం. కాసేపటికి కవరు నిండా నురగ. తర్వాత మిఠాయి దుకాణంలోని గాజు సీసాలో కెమెరా పెట్టి తీస్తే మామ ముఖం గుమ్మడికాయలా వచ్చింది. "గిది సూపెడ్తే ఉన్న సంబంధం గూడ పోతది" అన్నాడు మామ. ఆఖరికి నా కన్ను స్టూడియోలోని రంగు చేపల తొట్టి మీద పడింది. చేపలను బకెట్లోకి మార్చి, తొట్టిలో రెండు ఇటుకలు, వాటి మధ్య కెమెరా పెట్టి, అంచు మునగకుండా సగం దాకా నీళ్లలో దించితే, ఆహా! బల్లపరుపు గాజులోంచి బొమ్మ అద్దంలా వచ్చింది. ఓనరన్న మాత్రం చేపల వంక, కెమెరా వంక మార్చి మార్చి చూసి, "అది నీళ్లల్ల పడ్డదనుకో, దానెంబడే నువ్వు గూడ దుంకు. పైకి మాత్రం రాకు" అన్నాడు.

ఇక లైటు. పెళ్లిళ్లలో వాడే హాలోజన్ దించుదామన్నాను. "కరెంటు లైటు నీళ్లల్ల పెడ్తే చేపలతోటి నేను గూడ తేల్త" అన్నాడు మామ. ట్రాక్టరు బ్యాటరీకి హెడ్‌లైటు తగిలించి ముంచి చూశాం. వేడి బల్బుకు చల్లనీళ్లు తగిలి ఠప్పుమని పేలింది. చివరికి స్టూడియోలో జనం తల దువ్వుకుని పౌడరు రాసుకునే నిలువుటద్దాన్ని ఊడదీశాను. నడినెత్తిన ఎండ, దాన్ని అద్దంతో బావిలోకి మళ్లిస్తే అంతకన్నా లైటేముంది! ఈ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ రోజంతా తిరిగాను.

గురువారం మా ఊరి రైతు ఒకాయన బావిలో మోటారు పడింది. మెట్ల బావి. నీళ్లు తేటగా, మూడో మెట్టు కింద పాకే పీత కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. అద్దం పట్టుకుని రైతు పైన నిలబడ్డాడు. నేను ఆఖరి మెట్టు మీద తొట్టి పట్టుకుని కూర్చున్నాను. మామ మునగబోతుండగా అమ్మమ్మ వచ్చింది, చేతిలో పళ్లెం నిండా పసుపు. బావిలో దిగేముందు గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం మామూలే. వేరే ఊళ్లలో చిటికెడు వేసి దండం పెడతారు. మా దగ్గర పసుపు ఇంటి పంట, వాకిళ్లలో కుప్పలు పోసేది. "అమ్మమ్మా, జర కొంచెమే!" అని నేను అరుస్తూనే ఉన్నాను. "గంగమ్మకిచ్చేకాడ పిసినారితనమేందిరా!" అంటూ సగం పళ్లెం సరిగ్గా నా కెమెరా ముందు ఒంపేసింది. మామ అందులోకే మునిగాడు. ఆ రోజు మోటారు బురదలో కూరుకుపోయి ఉన్నట్టుంది, ఎంతకీ తేలడు. అమ్మమ్మ భయపడి, గంగమ్మకు దండం పెట్టి, మిగిలిన సగమూ కుమ్మరించింది.

మామ క్షేమంగా తేలాడు, మోటారూ వచ్చింది. ఇద్దరూ పచ్చగా ఉన్నారు. ఆ నీళ్లు తేటపడేదాకా ఆగితే పిల్ల ఇంకొకరి ఇంట్లో కాలు పెట్టేలా ఉంది. చేసేదేమీ లేక శుక్రవారం పొద్దున్నే అదే క్యాసెట్‌తో ముప్కాల్ వెళ్లాం.

ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. పెట్టగానే తెరంతా పసుపు. పిల్ల తండ్రి లేచి టీవీ నెత్తి మీద రెండు దెబ్బలు వేసి, "ఖరాబైందా ఏంది?" అన్నాడు. "టీవీ మంచిగనే ఉన్నది కాకా, గది పసుపు" అన్నాను నేలచూపులు చూస్తూ. ఇంతలో టీవీలోంచి అమ్మమ్మ గొంతు ఖంగుమంది. "సచ్చినోడా! మోటరు పోతే పోయింది, పైకి ఎల్లి రారా! నీ కాళ్లిరుగ! పిల్లనియ్యరంటే ఇయ్యరు మరి, నీ అసొంటి పిస్సోనికి ఎవడిస్తడురా!" ఇల్లంతా విరగబడి నవ్వింది. మామ తలుపు చాటుకు జరిగాడు. తిట్లు సాగుతూ సాగుతూ మెల్లగా సన్నబడ్డాయి. "కొడుకా... ఇగ రారా... నిన్నొక్క మాట అన. ఒట్టు, ఒక్క మాట అన. ఎల్లిరా నాయనా..." నవ్వులు ఆగిపోయాయి. భళ్లున నీళ్ల చప్పుడు, మామ రొప్పు, వెంటనే అమ్మమ్మ ఏడుస్తూనే మళ్లీ తిట్లు. క్యాసెట్ అయిపోయింది.

పిల్ల తండ్రి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "వద్దు బాబూ. నా బిడ్డ గిట్ల ఒడ్డుకు కూసోని తిట్టుకుంట ఏడ్సుడు నేను సూడలేను" అన్నాడు. మామ చెప్పులు వెతుక్కుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్ల అంది: "ఏంది బాపూ, నాకు తిట్టుడు రాదనుకుంటున్నవా?"

ఆమె తిట్లు ఎంత గొప్పవో ఆ ఇంట్లో అందరికీ తెలుసేమో, తండ్రితో సహా మళ్లీ ఒకటే నవ్వు. మధ్యాహ్నం సంబంధం వాళ్లను రావద్దని కబురు పంపారు. పెళ్లి వీడియో నేనే తీశాను, పెద్ద కెమెరాతో.

మొన్న ఆ బావి క్యాసెట్‌ను ఫోనులోకి మార్పించి ఆర్మూరు తీసుకెళ్లాను. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. మామ చాయ్ తాగుతున్నాడు. అత్త కళ్లు మూసుకుని ఫోను చెవికి ఆనించుకుని మొత్తం విని, "మల్ల పెట్టురా" అంది. మళ్లీ పెట్టాను. ఆనాడు ఏ కెమెరా, ఏ లైటు అని ఊరంతా తిరిగిన నన్ను తలచుకుంటే నవ్వొచ్చింది. కెమెరాకు మైకు కూడా ఉంటుందన్న సంగతే ఆ గొప్ప కెమెరామన్‌కు తట్టలేదు.