గోడ అవతలి నాటకం

మా మనవరాలు ఆఫీసు నుంచి రాగానే టీవీ ముందు కూలబడుతుంది. చూసిన సీరియలే మళ్ళీ చూస్తుంది. ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడతారో దానికి ముందే తెలుసు, అయినా చూస్తుంది. "బుర్ర కాసేపు పని మానేస్తుంది మామ్మా, హాయిగా ఉంటుంది" అంటుంది. వాళ్ళమ్మ సణుగుతుంది గానీ నేను ఒక్క మాటా అనను. నాకూ ఒకప్పుడు అలాంటిది ఒకటి ఉండేది. టీవీ కాదు, మా వైపు అప్పటికి ఆ మాటే ఎవరూ వినలేదు. రేడియో. అదీ మాది కాదు, పక్కింటివాళ్ళది.

అరవైల చివర మాట ఇది. గరివిడిలో కార్ఖానాకి దగ్గరగా, వరసగా కట్టిన పెంకుటిళ్ళలో ఒకటి అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆయనకి కొలిమి దగ్గర పని. షిఫ్టు దిగి వస్తే అన్నం తినడం, పడుకోవడం, అంతే. ఇంట్లో నేనూ, మంచం మీద మా అత్తా. పక్షవాతం వచ్చి ఆవిడకి కుడివైపంతా పడిపోయింది. పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి, చోడిపిండి అంబలి చెంచాతో పొయ్యాలి. పక్కగుడ్డలు ఉతికి ఆరేస్తే వాటి మీద కార్ఖానా మసి పడేది, మళ్ళీ ఉతకాలి. పిల్లలింకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఎవరు చూసేవారో.

మా అత్త చెడ్డదని అనను. మంచిదని కూడా అనను. కాళ్ళూ చేతులూ ఆడే రోజుల్లో నన్ను కడిగి పారేసేది. పడిపోయాక నోరు వంకర పోయిందే గానీ నెమ్మదించలేదు. ఆ ముద్దమాట నాకొక్కదానికే అర్థమయ్యేది, అంచేత తిట్లన్నీ నాకొక్కదానికే దక్కేవి.

రెండో ఏడు వచ్చేసరికి నాకు గుండెదడ పట్టుకుంది. ఊరికే కూచున్నా గుండె గబగబా కొట్టుకునేది, చేతులు చల్లబడిపోయేవి. చేతిలో గిన్నె జారితే ఏడుపొచ్చేది. డాక్టరు నీరసమని టానిక్కు రాశాడు. టానిక్కుతో పోయే నీరసం కాదది. పుట్టింటికి పారిపోవాలనిపించేది. రెండు చీరలు మడతపెట్టి సంచిలో పెట్టుకునేదాన్ని, సాయంత్రానికి తీసేసేదాన్ని. మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అప్పుడే పక్కింటివాళ్ళు రేడియో కొన్నారు. మా రెండిళ్ళకీ మధ్య గోడ కప్పుదాకా లేదు, పైన సందు ఉండేది. వాళ్ళు పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. రేడియో కూడా ఆ దారినే వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తకి మొహం తుడుస్తుంటే అవతల నాటకం మొదలైంది. తడిగుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. నాటకం అయిపోయాక చూసుకుంటే దడ లేదు. అంతసేపూ నా గుండె ఎక్కడుందో నాకే తెలీదు.

అక్కణ్ణుంచి నాకు వారమంటే ఆదివారమే. పొద్దున్నే పనులన్నీ తెముల్చుకుని, అత్త మంచం గోడవారకి జరిపి, కింద చాప వేసుకునేదాన్ని. ఆవిడా వినేది. వినడమంటే నోరు మూసుకుని కాదు, నాటకంలో వాళ్ళని ఒక్కొక్కళ్ళనే పేరు పెట్టి తిట్టేది. నాకు రావాల్సినవి వాళ్ళకి పోయేవి కాబట్టి నాకది రెండు విధాలా సుఖంగా ఉండేది.

ఆ వేసవిలో ఒక నాటకం వారం వారం భాగాలుగా వచ్చింది. అత్తారింటి పోరు పడలేక ఒక కోడలు పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోతుంది. మొగుడు వెళ్ళి బతిమాలుతూ ఉంటాడు. ఆ పిల్ల తిరిగి వస్తుందా రాదా అన్నదే కథ. అది వింటున్నంతసేపూ అత్త మొహం చూడలేకపోయేదాన్ని. ఒక ఆదివారం నాటకం అవగానే ఆవిడే అంది.

"రాదు. ఎందుకొస్తాది? నానైతే రాను."

"అత్త మంచాన పడితేనో?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోంచి.

ఆవిడ కళ్ళు పెంకుల వైపు తిప్పుకుంది. "అయినా రాకూడదే. ఒక మనిసి పడిపోతే ఇంకో మనిసి కూడా పడిపోవాలేటి?" అంది.

ఆవిడకి సంచి సంగతి తెలుసో తెలీదో అడగలేదు. చీరలు మాత్రం మళ్ళీ సర్దలేదు. ఉండమని ఎవరైనా బతిమాలి ఉంటే వెళ్ళిపోయేదాన్నేమో.

ఆఖరి భాగం ఆదివారం అనగా ఆ వారం మధ్యలో ఆవిడ పోయింది. పొద్దున్న అంబలి పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. శ్రీముఖలింగం వైపు నుంచి చుట్టాలు దిగారు. కోడలి కంట నీటిచుక్క లేదని నాకు వినపడేలాగే అనుకున్నారు. నిజమే, లేదు. అలసట తప్ప నాలో ఇంకేమీ మిగల్లేదు. ఇంక నీకు విశ్రాంతే కదా అన్నవాళ్ళూ ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ వండి పెడుతూ విన్నాను ఆ మాట. దడ తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది.

ఆదివారం మధ్యాహ్నమైంది. గోడ అవతల చప్పుడు లేదు. పక్కింటావిడ మర్యాద తెలిసిన మనిషి. పక్కన చావు జరిగితే రేడియో పెట్టకూడదని పిల్లల్ని కసిరి, దాని మీద గుడ్డ కప్పేసింది. మా కోసం తను కూడా ఆఖరి భాగం వదులుకుంది. ఆ మర్యాదకి దణ్ణం పెట్టాలి గానీ నాకు మాత్రం ఊపిరాడలేదు. దొడ్డిదారిన వెళ్ళి వాళ్ళ వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను. మైల కాబట్టి లోపలికి అడుగు పెట్టలేదు.

"అప్పా, రేడియో పెట్టు" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓలమ్మా, ఊరోలు ఏటనుకుంటారే? అత్త పోయి వారమైనా కాలేదు కదా."

"అనుకోనీ. ఊరోలు ఒక్కనాడైనా వచ్చి పక్క మార్సినారేటి? నువ్వు పెట్టు."

ఆవిడ గుడ్డ తీసి సన్నగా పెట్టింది. నేను బయట గోడకి చేరగిలబడి కూచున్నాను. ఆ కోడలి గొంతు వినపడింది, తరవాత మొగుడి గొంతు. నాకు తెలిసింది అంతవరకే.

లేచేసరికి దొడ్లో ఎండ పోయింది. నా తల కింద ఎవరో మడతపెట్టిన పాతచీర పెట్టారు. పక్కింటావిడ గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతోంది. దడి అవతల మా ఆయన మేనత్త నిలబడి, "అత్త సచ్చిపోతే రేడియో ఇనుకుంటా నిద్దరోతన్నాది, సూడండి" అని లోపలికి పోయింది. పక్కింటావిడ తల ఎత్తనైనా లేదు.

"నన్ను లేపలేదేం?" అన్నాను.

"అలా నిద్దరోతంటే ఎవులు లేపుతారు?"

"నాటకం ఏటయ్యింది?"

"వచ్చేసినాది. అత్తకి జబ్బు సేసిందని తెలిసి పిల్లోణ్ణి ఎత్తుకుని వచ్చేసి, కాళ్ళట్టుకుని ఏడిసింది. అందరూ ఒకటైపోనారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్ధిగా బయటపడ్డ పిల్లని లాక్కొచ్చి మళ్ళీ ఆ కొంపలోనే పడేశారు. మా అత్త వింటే ఆ రాసినవాణ్ణి ఉతికి ఆరేసేది. ఏమేం అనేదో మాట మాటా నాకు తెలుసు. ఆవిడతో చెప్పి ఇద్దరం కలిసి తిట్టుకోవాలని గబగబా లేచి మా ఇంట్లోకి వెళ్ళిపోయాను. గోడవార ఖాళీగా ఉంది. మంచం వాకిట్లో కడిగి ఎండబెట్టారు.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపు వినపడి చుట్టాలంతా వచ్చారు, ఇప్పటికైనా ఏడ్చిందని వాళ్ళకి మనసు కుదుటపడింది. మేనత్త మంచినీళ్ళు తెచ్చి తాగించింది. నాటకం ఎలా అయిందో చెప్పడానికి మనిషి లేదని ఏడుస్తున్నానంటే ఆవిడ ఏమనుకునేదో.