పావు చుట్టినారామ్మా?

తెల్లవారి దీపం పెట్టి లేచేసరికి తమ్ముడి ఫోను. "అక్కా, చిన్నాయన పోయినాడు. నిద్దర్లోనే." మళ్ళీ దీపం ముందే కాసేపు కూర్చున్నాను. తర్వాత వేలూరులో గుడియాత్తం బస్సెక్కాను.

ఆయన మా నాన్నకు తమ్ముడు. గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్ళ వీధి చివర ఇల్లు, పక్కనే బూడిద ఇటుకల షెడ్డు. అంతకుముందు మట్టి ఇటుకల బట్టీ ఉండేది. తవ్వి తవ్వి సొంత చేనే గుంటైపోయాక బట్టీ ఆర్పేశాడు. బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు నుంచి బూడిద తెప్పించి, సున్నం, రాతిపొడి కలిపి, అచ్చులో నొక్కేవాడు. నిప్పు లేకుండా ఇటుకేమిటని బంధువులు నవ్వితే, "బూడిద ఒకసారి కాలి వచ్చిందే గదా, మళ్ళీ ఎందుకు కాల్చేది?" అనేవాడు. ఆ ఇటుకలు నీళ్ళతోనే గట్టిపడతాయి. పొద్దున్నే వాటిని తడిపిగానీ కాఫీ ముట్టేవాడు కాదు. "ముందు అవి తాగనీ" అనేవాడు.

మొదటి లారీ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వీధి పొడవునా ఒక పక్కగా పడుగులు పరిచి ఉన్నాయి. మా వైపు తమిళంలో లాగే వాటిని పావు అంటాం. గంజి పెట్టిన నూలు, ఇంకా తడి ఆరలేదు. షెడ్డులో బూడిద కుమ్మరించగానే గాలి ఇటు తిరిగింది.

ఎదురింటి నేతగత్తె బయటికొచ్చింది. "ఏమప్పా, చూడు! కట్టకముందే లుంగీ నెరిసిపోయింది. నీ తలకాయకు జత కుదిరిందిలే!"

చిన్నాయన చేత్తో దులపబోయాడు.

"తాకొద్దు సామీ, ఇంకా పూసుకుంటాది!"

ఆ పావు పనికిరాకుండా పోయింది. వీధివాళ్ళు షెడ్డు ఎత్తేయమన్నారు. "కొన్నాళ్ళు చూడండమ్మా. మళ్ళీ ఇట్లయితే నేనే ఎత్తేస్తాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తినలేదు. చిన్నమ్మ అడిగితే చెప్పాడు. "ప్లాంటు పక్కన ఊళ్ళో చూసినాను. గాలొస్తే చెట్లు, ఇండ్లు, బిందెల్లో నీళ్ళు, అన్నీ నెరిసిపోతాయి. వాళ్ళ గొంతులో పడేదాన్ని తెచ్చి గోడలో పెడతాండానని మురిసిపోతిని. ఇప్పుడు వీళ్ళ గొంతులో పోస్తి."

ఆ తర్వాత షెడ్డు చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టించాడు. బూడిదను తడపకుండా దించనివ్వలేదు. లారీ వస్తే పెద్ద రోడ్డు మీదే ఆపించి, తలకు టవలు చుట్టుకుని వీధి మొదట్లో నిలబడి కేకేసేవాడు, "పావు చుట్టినారామ్మా?" అని. లేదంటే అక్కడే ఉండేవాడు. డ్రైవరు విసుక్కుంటే, "ఎండకు పావు ఆరనీ. నువ్వు పోయి టీ తాగు నాయనా" అనేవాడు. ఎండలో అలా నిలబడ్డ మనిషి నాకు పూజలో ఉన్నట్టే కనిపించేవాడు.

ఎదురింటామె ఏడిపించేది. చుట్టేసిన పావు భుజాన పెట్టుకునే, "ఇంకా లేదప్పా, రేపు రా!" అనేది. ఆయన నవ్వేవాడు. అయినా వీధంతా ఒకసారి తొంగి చూశాకే లారీకి చెయ్యి ఊపేవాడు. షెడ్డు ఎత్తేయమన్న మాట మళ్ళీ వినబడలేదు. ఈమధ్య ఆమె మగ్గం గదికి కొత్త గోడ లేపింది. ఆ ఇటుకలు ఆయనవే.

నేను చేరిన మర్నాడు పొద్దున ఆయన్ని ఎత్తారు. వీధిలో పావులు పరిచే వేళ. పాడె ముందు పట్టిన తమ్ముడు, పావులు మొదలయ్యే చోటికి రాగానే, ఎవరూ చెప్పకుండానే ఆగాడు. వెనకవాళ్ళూ ఆగారు. డప్పు ఆగింది.

ఎదురింటామె గడప దిగి వచ్చింది.

"ఈ పొద్దు పరచలేదప్పా. పోయి రా" అంది.

అప్పుడు చూశాను. వీధిలో ఒక్క నూలుపోగు లేదు. పావు పరిచే కర్రలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. దుమ్ము లేవకుండా ఈ చివర నుంచి పెద్ద రోడ్డు దాకా నీళ్ళు చల్లి ఉన్నాయి.