నల్లబీరు రొట్టె మాస్టరు

మా బావ తాగుబోతని మా వీధి వీధంతా నమ్మేది. నమ్మక ఏం చేస్తారు? రెండు రోజులకోసారి సాయంత్రంపూట మద్యం కొట్టు ముందు నిలబడి కనిపించేవాడు. ఆ కొట్టువాడు బావను చూడగానే ఇంటికి అల్లుడొచ్చినంత సంబరపడి, అడక్కుండానే నల్లబీరు సీసాలు కాగితాల్లో చుట్టి సంచిలో సర్దేవాడు. ఆ సంచి భుజాన వేసుకుని, గలగలమని చప్పుడవుతుంటే, బావ తల వంచుకుని ఇంటికి నడిచి వచ్చేవాడు. మేడమీదావిడ మా అక్కతో, “పాపం, ఎలా వేగుతున్నావో తల్లీ” అనేది. అక్క తలుపు వేసుకునేది.

నిజానికి బావ జన్మలో ఒక్క చుక్క నోట్లో పోసుకుని ఎరగడు. ఆ బీరంతా రొట్టెలోకి పోయేది. ఆ మాట బయటపెడితే నోటి దగ్గర కూడు పోతుందని ఆయన భయం. పెళ్ళయిన కొత్తలో మంచం కింద సీసాలు చూసి అక్క పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకుంటే, ఆమె చేత ఒట్టు వేయించుకుని అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వారమే నాకు చెప్పింది.

బావ పనిచేసేది స్టేషన్ ఎదురుగా ఉన్న పాత హోటల్లో. పైన గదులు, వాటి కింద భోజనాల హాలు, దానికీ కింద, నేల లోపల, వంటగది. ఆ వంటగదికి వీధి వైపు జానెడు కిటికీ ఒకటి ఉండేది. అందులోంచి నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప మరేమీ కనిపించవు. బయట వాన పడుతోందో లేదో చెప్పుల తడిని బట్టి తెలుసుకోవాలి. నా మేనకోడలు బడికి వెళుతూ ఆ కిటికీ ముందు ఆగి బూటుతో ఊచల్ని తట్టేది. బావ లోపల్నుంచి గరిటెతో గోడను తట్టేవాడు. పగటిపూట తండ్రీకూతుళ్ళు కలుసుకోవడం అంతవరకే.

బావ ఆ వంటగదిలోకి గిన్నెలు కడిగేవాడిగా వచ్చాడు. అప్పట్లో అక్కడ ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక ముసలి వంటవాడుండేవాడు. తన తల్లి దగ్గర నేర్చుకున్న గోధుమరంగు రొట్టె ఒకటి చేసేవాడు. పొట్టు తియ్యని గోధుమపిండి, గుప్పెడు ఓట్స్, వంటసోడా, ఉప్పు పొడిగా కలిపేవాడు. కరిగిన వెన్న, బెల్లం పాకం, మజ్జిగ, చివర నురగలు కక్కే నల్లబీరు పోసేవాడు. పిసకడం లేదు, గుద్దడం లేదు, పొంగే దాకా కాపలా కాయడం లేదు. గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి, వెన్న రాసిన టిన్నులో పోసి, పైన ఓట్స్ చల్లి ఓవెన్‌లోకి తోసెయ్యడమే. కాలాక బయటికి తీసి అడుగున వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగాలి. పైన కరకర, లోపల చెమ్మ, కొంచెం చేదు, ఆ వెనకే తీపి. సూపుతో పాటు ఆ రొట్టె ముక్క తినడానికే ప్రయాణికులు బండి దిగి వచ్చేవాళ్ళు. ముసలాయన ఎవరి దగ్గరా ఏమీ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే. బావ ఒక్కడే, చేతులకు సబ్బునురగతో, పక్కన నిలబడి చూసేవాడు.

ముసలాయన స్వదేశం వెళ్ళిపోయిన మర్నాడు హోటలు యజమాని కిందికి వచ్చి, “ఆ రొట్టె ఎవరికైనా వచ్చా?” అని అడిగాడు. బావ చెయ్యెత్తాడు. ఆ పూటే కాల్చి తెచ్చి ముందు పెట్టాడు. యజమాని ఒక ముక్క నమిలి, కళ్ళు మూసుకుని, “ఇవాళ్టి నుంచి నువ్వు మాస్టరువి” అన్నాడు. గిన్నెల దగ్గరికి ఒక ఆవిడను పెట్టారు. వంటగదిలో అందరూ ఆవిడను అత్తా అని పిలిచేవాళ్ళు.

అంతటితో ఆగితే బావ కథ చెప్పుకునేదేమీ లేదు. కొన్నాళ్ళకు యజమాని బావమరిది ఒకడు వచ్చి హోటలు వ్యవహారాల్లో వేలు పెట్టడం మొదలెట్టాడు. ఒకనాడు వంటగది గుమ్మంలో నిలబడి, బావ వింటుండగానే యజమానితో అన్నాడు. “ఏముంది బావగారూ ఇందులో? పిండి కలపడానికి మాస్టరెందుకు? ఎవడైనా కలుపుతాడు. ఇతన్ని మళ్ళీ గిన్నెలకు పెట్టండి.”

బావకు చన్నీళ్ళలో పాసిపోయిన వేళ్ళు గుర్తొచ్చాయి. మూల ఒక జాడీలో మిగిలిపోయిన పిండినీళ్ళు పులిసి బుడగలు తేలుతున్నాయి. దాని మీద చెయ్యి వేసి, “ఎవడైనా కలపొచ్చు సార్, కానీ ఇది ఉండాలిగా” అన్నాడు.

“ఏమిటది?”

“తోడు సార్. పాలకు తోడెట్టినట్టు, ఈ రొట్టెకు ఇది తోడు. ముసలాయన నా చేతికిచ్చి పోయాడు. ప్రాణమున్న వస్తువు. రోజూ పొద్దున మేత వెయ్యాలి. చెయ్యి మారితే చచ్చిపోతుంది.”

బావమరిది వెనక్కి తిరిగి మెట్లెక్కి పోయాడు. యజమాని మాత్రం జాడీ వైపు పసిబిడ్డను చూసినట్టు చూశాడు. ఆ రాత్రి బావ ఇంటికి వచ్చి అక్కతో చెప్పుకుని పగలబడి నవ్వాడట. ఆయన అంతలా నవ్వడం మళ్ళీ చూడలేదని అక్క అంటుంది.

మర్నాటి నుంచి బావ ఆ అబద్ధానికి కూలి చెయ్యడం మొదలెట్టాడు. రోజూ తెల్లవారకముందే వెళ్ళి జాడీలో పిడికెడు పిండి వెయ్యాలి, కాసిని నీళ్ళు పొయ్యాలి, కంపు కొట్టకుండా పాతది తియ్యాలి. తలుపు వేసుకుని రొట్టె కలపాలి. బీరు సీసాలు సంచి అడుగున దాచుకుని రావాలి. ఎవరైనా తొంగి చూస్తే చెయ్యనక్కర్లేని పిసుకుడు పిసకాలి. అవసరం లేని పిసుకుడుకు ఆయన భుజం అరిగింది.

సెలవు అడిగితే యజమాని కళ్ళు ముందు జాడీ వైపు వెళ్ళేవి. “దాని సంగతో?” అనేవాడు. బావ మాట బావకే ఎదురొచ్చేది. కూతురు పుట్టిన పూట ఓవెన్ ముందే ఉన్నాడు. మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వస్తే కనుబొమ్మల మీద పిండి అలాగే ఉంది. నర్సు, “ఈ తాతగారెవరు?” అంది. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్ళేవాడు. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా, “మాస్టరు రాడులే, జాడీకి ఒంట్లో బాగాలేదట” అని ఎకసెక్కాలాడేవాళ్ళం. నేనూ ఆడాను. మరోచోట పని చూసుకోవచ్చుగా అని నేనే ఒకసారి అడిగాను.

“ఎక్కడికి పోయినా రొట్టె చేసి చూపించమంటారు” అన్నాడు బావ. “చేసి చూపిస్తే పది నిమిషాల్లో నేర్చేసుకుంటారు. ఆ తర్వాత నాతో ఏం పని రా వాళ్ళకి?”

కుడితిలో పడ్డ ఎలుకంటారే, అదీ వరస. పైగా ఆ కుడితి తాను కలుపుకున్నదే.

బావకు ఒక అప్పగారుంది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. బస్సులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊళ్ళో ఉంటుంది. ఏటా వస్తానని కబురు చెయ్యడం, వెళ్ళకపోవడం బావకు అలవాటైపోయింది. ఆ చలికాలం ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. “చిన్నోణ్ణి చూడాలనుంది” అని ఫోన్లో ఏడ్చింది.

బావ యజమాని దగ్గరికి వెళ్ళాడు. నాలుగు రోజులు చాలన్నాడు.

“ఈ వారం పైన గదులన్నీ నిండిపోయాయయ్యా. ఆ రొట్టె ఉంటుందనే వస్తున్నారు వాళ్ళు. జాడీ చస్తే నేనేం పెట్టను?”

“మా అక్క సార్...”

“నాకు తెలియదా? వచ్చే నెల చూద్దాం.”

ఆ సాయంత్రం నేను అక్కవాళ్ళింట్లోనే ఉన్నాను. బావ అన్నం ముందు కూర్చుని కెలుకుతున్నాడు.

“నిజం చెప్పెయ్యండి” అంది అక్క.

“చెబితే ఇన్నేళ్ళూ మోసం చేశానని గెంటేస్తాడు.”

“చెప్పకపోతే?”

బావ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

మర్నాడు పొద్దున వంటగదిలో జాడీలో ఆయన ఎటో చూస్తూ వేస్తుంటే సగం పిండి నేల మీద పడింది. గిన్నెలత్త చీపురు తెచ్చి ఊడుస్తూ, తలెత్తకుండానే అంది.

“మీ అక్క సంగతి విన్నాను, వెళ్ళి రా బాబూ. రొట్టె నేను చేస్తాలే.”

“నీకెలా వస్తుందత్తా? తోడు...”

“ఏ తోడు?” అంది అత్త. “నువ్వు పిండి కలిపిన గిన్నె కడిగేది నేను. సీసాలు కడిగి పారేసేది నేను. జాడీలోంచి ఒక్క గరిటెడు ఆ గిన్నెలో పడగా నేనెప్పుడూ చూళ్ళేదు. మా ఇంట్లో మనవలకు ఎన్నిసార్లు చేసిపెట్టానో.”

బావకు చెంప మీద కొట్టినట్టయింది. “మరి ఎవరికీ చెప్పలేదేం?”

“నీ పొట్ట కొడితే నాకేమొస్తుంది? నువ్వెళ్ళు. ఆయన అడిగితే జాడీ నాకూ మచ్చికైందని చెబుతా.”

బావ ఆ రోజు రొట్టెలు కాల్చి, ఏప్రన్ మేకుకు తగిలించి, యజమానికి చెప్పకుండానే బస్సెక్కాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదు. గంటకోసారి, “ఈపాటికి రొట్టెలు కోసేసి ఉండాలి”, “ఈపాటికి సూపు పైకి పంపేసి ఉండాలి” అంటూ గొణుక్కున్నాడు. ఊళ్ళు వెనక్కి పోతున్నాయి కానీ ఆయన మాత్రం ఆ నేల కిందే ఉన్నాడు.

అప్పగారు మంచం మీద ఎండు పుల్లలా ఉంది. బావ మొహాన్ని రెండు చేతులతో తడిమి, “ముసలోడివైపోయావేరా” అంది. రెండోనాడు కాస్త తేరుకున్నాక ఆవిడే అడిగింది. “అక్కడ ఏదో రొట్టె చేస్తావటగా. దాని కోసమేగా నిన్ను వదలరు. నాకెప్పుడూ పెట్టలేదే?”

బావ నన్ను సరుకులకు పంపాడు. ఓవెన్ ఎక్కడిది? మందపాటి గిన్నెలో అడుగున ఇసుక పరిచి, మూత బిగించి వేడెక్కించాడు. అప్పగారి మంచం పక్కనే పీట వేసుకుని పిండి కలిపాడు. తలుపు వేసుకోకుండా ఆయన రొట్టె కలపడం నేను చూడటం అదే మొదలు. బీరు నురగ చూసి ఆవిడ, “ఓరి నీ దుంప తెగ!” అంది. ఏది దేనికో అడిగితే అన్నీ చెప్పాడు. మజ్జిగ తగిలితే సోడా పొంగుతుందని, అందుకే ఆలస్యం చెయ్యకూడదని, బీరు రంగూ చేదూ ఇస్తుందని. గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి టిన్నులో పోశాడు.

“తర్వాత?” అంది అప్పగారు.

“తర్వాతేం లేదు. కాలడమే.”

“ఇంతేనా?”

“ఇంతే.”

ఆవిడ మంచం మీంచే టిన్నులోకి తొంగి చూసింది. “దీనికేనట్రా నువ్వు ఇన్నేళ్ళూ రానిది?”

బావ పిండి అంటిన గరిటె పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు అదిరాయి. నేను వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.

రొట్టె మాత్రం బాగా వచ్చింది. అడుగు కాస్త మాడింది. మాడిన ముక్కే కావాలని అప్పగారు అడిగి తీసుకుంది.

తిరిగి వెళ్ళేసరికి యజమాని వంటగదిలోనే ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకుంటే, వింతగా చూస్తూ, “నీ జాడీ మన గిన్నెలావిడ మాట కూడా విందటగా? ఒక్కరూ తేడా కనిపెట్టలేదు” అన్నాడు. తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి ఉండదు. అవును సార్ అంటే సరిపోయేది. కానీ బావ జాడీ మూత తీసి, “ఇందులో పిండినీళ్ళు సార్. మొదటి నుంచీ అంతే” అన్నాడు. మొత్తం చెప్పేశాడు.

యజమాని వంగి వాసన చూశాడు. పిండి బస్తా మీద కూలబడ్డాడు.

“మా అమ్మాయి పెళ్ళికి హోటల్లో అందరినీ పైకి పిలిచాను. నిన్నొక్కణ్ణే పిలవలేదు. ఇది ఒంటరిగా ఉంటుందని” అన్నాడు. “ఎండాకాలమొస్తే ఇది ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టేది కాదయ్యా.”

బావ క్షమించమన్నాడు. యజమాని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

గెంటెయ్యలేదు. కానీ అంతకు ముందున్న మర్యాదా మిగల్లేదు. మాస్టరూ అన్న పిలుపు పోయి ఏమయ్యా అన్న పిలుపు వచ్చింది. రొట్టె పని అత్తకూ బావకూ చెరి సగం చేశారు. రొట్టె లేని పూట బావ కూరగాయలు తరగాలి. యజమాని బావమరిది కిందికి వచ్చినప్పుడల్లా, “తోడు బాగుందా?” అని వెటకారం చేసేవాడు. బావ ఉల్లిపాయల మీదికి వంగి తరుగుతూనే ఉండేవాడు. జాడీని అత్త శుభ్రంగా తోమి ఉప్పు పోసుకుంది.

ఆ నష్టంలోంచి వారానికో రోజు సెలవు వచ్చింది. మొదటి సెలవు నాడు బావ చీకటితోనే లేచి, బూట్లు వేసుకుని, ఎక్కడికెళ్ళాలో తెలియక మంచం మీద కూర్చున్నాడట. అక్క నిద్రమొహంతోనే విసుక్కుని పడుకోబెట్టింది. రెండో వారం నుంచి ఆయనే దారి కనుక్కున్నాడు. సెలవొస్తే చాలు, తెల్లారే బస్సుకు అప్పగారి ఊరు, చీకటి పడేసరికి ఇల్లు.

ఒకసారి నేనూ వెళ్ళాను. ఆవిడ చేతికర్ర సాయంతో అరుగు దాకా నడుస్తోంది. బావ పక్కనే ఉండి, పట్టుకోకుండా, పడితే పట్టుకునేంత దూరంలో నడుస్తున్నాడు. ఇద్దరూ అరుగు మీద ఎండలో కూర్చున్నారు.

“పొద్దు వాలుతోంది, ఇక బయల్దేరరా, బస్సు పోతుంది” అంది ఆవిడ.

“పోనీలే అక్కా, దాని తర్వాత ఇంకోటుంది” అని బావ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు.