పంచకూడని పది మాత్రలు

నా రక్తపోటు మాత్రను ఇకమీదట సగమే వేసుకొమ్మని నిన్న డాక్టరుగారు చెప్పారు. మధ్యలో గీత ఉన్న మాత్ర, కాస్త నొక్కితే రెండవుతుంది. ఖమ్మంలో మా వంటగట్టు దగ్గర నిలబడి ఎంతసేపు ప్రయత్నించినా నా వేళ్ళు దానిని విరవలేకపోయాయి, చివరికి మనుమరాలే తీసుకుని పుటుక్కున విరిచి ఇచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఫార్మసిస్టుగా మందులిచ్చిన చేతులకు ఇదేమి బలహీనతో ఆ పిల్లకు చెప్పలేకపోయాను, నా ఈడువారికి చెప్పుకుంటాను.

భద్రాచలం దారిలో అడవి అంచున మా ఊరు, మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. అడవి నుంచి ఏది వచ్చినా, ఇప్పపువ్వైనా తేనైనా, అమ్మ వాకిట్లో మనిషికొక కుప్ప పెట్టేది, పాకే పిల్లకూ మంచం పట్టిన ముసలమ్మకూ కూడా, ఒకరు తింటుంటే ఒకరు చూడటం మా ఇంట పాపంతో సమానం. తమ్ముడు తన కుప్పను నాకు వదిలిపెట్టిన రోజులెన్నో ఉన్నాయి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి వానాకాలంలో వాడు చలిజ్వరంతో వణుకుతూ మా దవాఖానాకు వచ్చాడు. రక్తపరీక్షలో మలేరియా అని తేలాక పది మాత్రలు పొట్లం కట్టి, మొదటి రోజు నాలుగు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు అని చెప్పాను. అంతటితో ఊరుకోక, మందు కడుపులో కరిగి రక్తంలో చేరి ఒక మట్టానికి లేస్తేనే లోపలి క్రిమి చస్తుందనీ, కాలేయమూ మూత్రపిండాలూ ఆ మందును నిరంతరం బయటికి పంపుతూనే ఉంటాయి గనుక ఆ మట్టం పడిపోకుండా చూసుకోవాలనీ కొత్త చదువు ఉత్సాహంలో పాఠమంతా అప్పజెప్పాను. వాడు నవ్వి, "గిన్ని చెప్తున్నవ్ గాని డాక్టరమ్మా, గోలీల చేదు తీసే సదువు సదవలేదా?" అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా జ్వరముందా అని మాత్రం నేను అడగలేదు.

వారం తిరగకముందే కబురొచ్చింది. మోకాటిలోతు వాగు దాటి నేను వెళ్ళేసరికి తమ్ముడు కళ్ళు తెరిచే ఉన్నాడు కాని నన్ను పోల్చుకోలేదు. గోడవార మరదలు గొంగడిలో వణుకుతోంది. "ఇద్దరికీ జరమే గద బిడ్డా, వాడే చెరిసగం పంచిండు. రెండు దినాలు జరం తగ్గింది గూడ," అంది అమ్మ, తప్పేమీ జరగలేదన్న నమ్మకంతో. సగం మందు సగం జబ్బును తగ్గించదని, మట్టానికి అందని మందు క్రిమిని కాసేపు అదిమిపెడుతుందే తప్ప చంపదని ఆ ముఖం చూసి ఎలా చెప్పను?

ఇద్దరినీ మంచాల మీద వాగు ఒడ్డుకు మోయించి తెచ్చేసరికి నీళ్ళు నడుములు దాటి పోతున్నాయి. సూదిమందు ఆవలి ఒడ్డున దవాఖానాలో ఉంది. నా గుప్పిట్లో వెంట తెచ్చిన పది మాత్రలున్నాయి, ఈసారి పూర్తిగా పది. తమ్ముడి నోట్లో చుక్క నీళ్ళు పోస్తే పెదవుల పక్కనుంచి జారిపోయాయి. మింగలేనివాడికి మాత్ర మందు కాదు, బలవంతం చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ సంగతి నేను చదివి పాసైన పాఠమే.

అవే మాత్రలు మరదలి నోటి దగ్గర పెడితే ఆమె తల తిప్పుకుంది. "ముందుగాల ఆయనకు పెట్టు వదినే."

"ఆయన పాలు ఆయన తిన్నడు. గిది నీ పాలు," అన్నాను. పంపకంలో అబద్ధమాడటం మా ఇంట్లో అదే మొదలు. ఆమె నమ్మి నాలుగూ మింగింది. ఆమె బతికింది. వాగు తగ్గకముందే తమ్ముడు పోయాడు.

ఆ తరువాత మందులిచ్చే కిటికీ దగ్గరకు ఎవరొచ్చినా నా మొదటి మాట ఒక్కటే, "మీ ఇంట్ల ఇంకెవలికి జరముంది?" ఇవాళ మా ఇంట్లో ఎవరి మందుల డబ్బా వారిదే, ఒకరి డబ్బాలో మరొకరు చెయ్యి పెట్టరు. నేను జీవితమంతా చెప్పింది అదే కనుక సంతోషించాలి. కాని మామిడిపండు కూడా ఎవరిది వారిదే అయిపోయింది. తమ్ముడు పోయాక అమ్మ వాకిట్లో మళ్ళీ కుప్పలు పెట్టలేదు, తేనె తెచ్చినా ముంతతోనే మూలన పెట్టేది.

మనుమరాలు విరిచిన రెండో సగం ఇంకా నా డబ్బాలో ఉంది. అది రేపటిది, నాదే. అయినా డబ్బా మూసేముందు, ఇంకెవరికి కావాలో అన్నట్టు, నా కళ్ళు ఇల్లంతా ఒకసారి తిరిగివచ్చాయి.