పడవకు లేని సెలవు

ఎగ్బర్ట్ బాబాయ్ తన భార్యకు జీవితంలో ఒకే ఒక్క అబద్ధం చెప్పాడు. కాకపోతే ఆ ఒక్కటే నలభై ఏళ్ళు చెప్పాడు.

అది పడవ గురించి. రెండు సముద్రాల్ని కలిపే కాలువలో, గాటూన్ లాకుల దగ్గర ఆయన పని పడవ మీదే. ఆ పడవ బస్సంత ఉంటుందని, దానికి ఇంజను ఉంటుందని, ఎండకు పైన రేకులు కూడా ఉంటాయని ఓఫీలియా పిన్నికి చెప్పుకున్నాడు. నిజానికి అది మా కోలోన్ వీధుల్లో వానాకాలం పిల్లలు వదిలే కాగితప్పడవకు పెద్దన్న. ఇద్దరు మనుషులు, రెండు తెడ్లు, ఒక తాడు. మూడోవాడికి చోటు లేదు.

పిన్ని తండ్రి పోర్టోబెలోలో చేపలు పట్టేవాడు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఉదయం సముద్రం మీదికి వెళ్ళి మళ్ళీ రాలేదు. తర్వాత వయసొచ్చి, ఒక డాన్సు హాల్లో ఎగ్బర్ట్ అనే సన్నటి కుర్రాడు పరిచయమైతే, ఏం పని చేస్తావని అడిగింది. పడవ అనగానే చెయ్యి విడిపించుకుని వెళ్ళి గోడవార కూర్చుంది. ఆమెను మళ్ళీ లేపడానికి బాబాయ్ అక్కడికక్కడే ఆ పడవకు ఇంజను బిగించాడు. రేకులు తర్వాతి వారం వేశాడు.

ఓడలు లాకుల్లోంచి పోవడం చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. పదిమైళ్ళు కూడా లేని కోలోన్ నుంచి పిన్ని మాత్రం ఎప్పుడూ రాలేదు. నీళ్ళ వైపు చూడనని ఒట్టు. కానీ ఒక మాట ఇచ్చింది. “నీ ఆఖరి రోజున వస్తా. నిన్ను ఆ కాలువ దగ్గర్నుంచి నేనే విడిపించుకుని తెచ్చుకుంటా.”

ఆ ఆఖరి రోజు 2017 అక్టోబరు పదకొండు, బుధవారం అయింది. బాబాయ్‌కి అరవై రెండు నిండాయి. ఆ రోజు మూడు గంటలకు గుర్తింపు కార్డు ఇచ్చేస్తే ఇక పడవ ఎక్కనివ్వరు.

నేను ఆయనతో పడవలో నాలుగేళ్ళు కూర్చున్నాను. ఆయన తెడ్లు, నేను తాడు. ఆ చివరి నెలంతా ఆయన రెండు మాటలే మార్చి మార్చి అన్నాడు. పొద్దున, “ఓఫీ చూడాలిరా. ఒక్కసారైనా నేనేం చేస్తానో చూడాలి.” మధ్యాహ్నం, “చూస్తే చంపేస్తుందిరా.”

మంగళవారం సాయంత్రం మా దేశం కోస్టారికా మీద గెలిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు పోతున్నాం. ఆట అయిపోవస్తుండగా రెండో గోల్ పడింది. మొదటి గోల్ సంగతి చెప్పాలంటే సిగ్గు. బంతి గీత దాటలేదని టీవీ పదిసార్లు వేసి చూపించింది. అయినా గోలే. ఇంకా బాణసంచా ఆగకముందే ప్రెసిడెంటు సంతకంతో కాగితం ఫొటో ఫోన్లలో తిరిగింది. రేపు దేశమంతా సెలవు.

నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రిలో మా అమ్మ వంతు కోసం ఏడు వారాలు తిప్పిన ప్రభుత్వానికి, ఒక ఉత్తర్వు రాయడానికి గంట చాలింది. నేను ఇలాంటివే పుస్తకాల్లో చదువుతుంటాను, రొట్టెకు బదులు ఆట చూపించే రాజుల గురించి. సరే, ఇచ్చారు కదా, నేనూ తీసుకుంటాను అనుకుని పడుకున్నాను.

తెల్లవారకముందే తలుపు దడదడలాడింది.

“లేవరా పండితుడా. బండొచ్చింది.”

“ఇవాళ సెలవు బాబాయ్.”

“ఎవరికి?”

“దేశానికి.”

“ఓడలు ఏ దేశానివిరా? లే. పడవకి ఇద్దరు కావాలి. నువ్వు రాకపోతే నా ఆఖరి రోజు గట్టు మీద కూర్చుని ఈగలు తోలుకోవాలి.”

కాలువ ఆగదు. అది పండగలకూ ఆగలేదు, యుద్ధానికీ దాదాపు ఆగలేదు. లేచి చొక్కా వేసుకున్నాను. పనివాళ్ళ బండి రోడ్డు మీద బీరు సీసాల మధ్య పాములా నడిచింది. జెండాలు కప్పుకుని అరుగుల మీద పడుకున్న మనుషుల్ని చూసి బాబాయ్ దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

పడవ దింపుతుంటే ఆగలేకపోయాను. “బంతి గీత దాటనే లేదు బాబాయ్. దాటని బంతికి దేశం మొత్తం సెలవు.”

“దాటిందని రాసుకున్నారుగా. ఈ కాలువ మా తాత తవ్వాడు. తవ్వింది తామేనని అమెరికావాళ్ళు రాసుకోలేదూ? ఒక్కసారి మనకూ అలా కలిసి రానీరా.”

ఆయన తాత బార్బడోస్ నుంచి వచ్చి ఈ లాకుల గుంటల్లోనే రాళ్ళు మోశాడు.

“అది వేరు,” అన్నాను. “మరి డిసెంబరు ఇరవై? రెజిస్ పెదనాన్న పోయిన రోజు. దానికెందుకు ఇవ్వలేదు సెలవు?”

అనకూడదని అన్నాక తెలిసింది. రెజిస్ ఆయన అన్న. ఎనభై తొమ్మిదిలో అమెరికా సైన్యం దిగిన రోజున కోలోన్‌లో మేడ మెట్ల మీద చనిపోయాడు. అప్పట్నుంచీ ఆ తేదీన బాబాయ్ తెడ్డు ముట్టుకోడు. జీతం కోత పెట్టుకుని ఇంట్లో కూర్చుంటాడు.

తెడ్లు నాలుగుసార్లు గట్టిగా వేశాడు. “ఆ రోజు నేనే తీసుకుంటా. ఎవణ్ణీ అడగను.” మళ్ళీ కాసేపటికి అన్నాడు. “క్యాలెండర్లో లేకుండా ఊడిపడిన సెలవులు చాలా చూశాన్రా. దేశాన్నేలిన జనరల్ విమానం కూలినప్పుడు ఒకటి. కర్ఫ్యూలవి లెక్కలేనన్ని. నేను కొత్తగా చేరినప్పుడైతే కాలువ అమెరికావాళ్ళది, మన సెలవులు కూడా వాళ్ళవే, జులై నాలుగున నేను జెండా ఊపాను, ఎందుకో నాకే తెలీదు. హఠాత్తుగా సెలవు అంటే తలుపులు బిగించుకోవడమే తెలుసు మాకు. తలుపులు తీసి బయటికి పరిగెత్తిన సెలవు ఇదొక్కటే. తిట్టకు.”

నా దగ్గర జవాబు ఉంది. కానీ అప్పటికే మొదటి ఓడ మలుపు తిరిగింది.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే ఆయన ఎవరో అర్థం కాదు. మూడు ఫుట్‌బాల్ మైదానాలు వరసగా పెట్టినంత పొడవున్న ఓడ వస్తుంది. లాకులోకి దూరితే గోడకీ దానికీ మధ్య రెండేసి అడుగులు మిగులుతాయి. దాన్ని రెండు పక్కలా పట్టి నడపడానికి గట్టు మీద పట్టాలపై ఇంజన్లున్నాయి, వాటిని మేం గాడిదలంటాం. గాడిదల ఉక్కు మోకులు ఓడకు చేరాలంటే ముందు ఒక మామూలు తాడు చేరాలి. ఆ తాడు మా పడవలో ఉంటుంది. ఎదురెళ్ళి, ఓడ ముక్కు కిందికి పోయి, పైనుంచి వాళ్ళు వదిలిన సన్నతాడుకు మాది ముడేసి, ఓడ మమ్మల్ని నలిపేలోగా పక్కకు తప్పుకోవాలి. యంత్రాలతో చేద్దామని చాలా ప్రయత్నాలు జరిగాయట. ఆఖరికి మళ్ళీ రెండు తెడ్ల దగ్గరికే వచ్చారు.

బాబాయ్ ఆ ముక్కు కింద కూర్చునే తీరు నాలుగేళ్ళుగా చూస్తున్నా నాకు అలవాటు కాలేదు. ఆకాశం సగం ఇనుమైపోతుంది. నీళ్ళు లోపల్నుంచి మూలుగుతాయి. ఆయన మాత్రం ఒక తెడ్డు లోతుగా, ఒకటి పైపైన వేసి, పడవను ఉన్నచోటే సూది గుచ్చినట్టు నిలబెడతాడు. నేను దేవుణ్ణి నమ్మను. ఆ రెండు నిమిషాలు మాత్రం ఆ విషయం గట్టిగా అనను.

పదింటికి వస్తానంది పిన్ని. పదింటికి గట్టు అవతల జనం చూసే మెట్లు ఖాళీగా ఉన్నాయి. మామూలు రోజైతే స్కూలు పిల్లలు, పర్యాటకులు కిటకిటలాడతారు. పదకొండు. పన్నెండు. ప్రతి ఓడకూ ముడి పడగానే బాబాయ్ మెడ అటు తిరిగేది.

“బస్సులు లేవు బాబాయ్,” అన్నాను. “డ్రైవర్లంతా పడుకున్నారు. నేను చెప్పలా? ఈ సెలవు నీ ఆఖరి రోజుని మింగేసింది.”

“పోన్లే. చూడకపోతే తిట్లు తప్పాయి.”

నవ్వబోయాడు, రాలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

రెండుంబావుకు ఆఖరి ఓడ కనబడింది, గోధుమల ఓడ, ఖాళీగా ఉండటంతో ఇంకా ఎత్తుగా. మేం తెడ్డేసి బయల్దేరామో లేదో డప్పులు వినబడ్డాయి.

అవతల ఏం జరిగిందో తర్వాత పిన్నే చెప్పింది. చర్చికి వేసుకునే గౌను, టోపీ వేసుకుని పొద్దున్నించి బస్టాపులో నిలబడింది. ఒక్క బస్సు లేదు, టాక్సీ లేదు. మధ్యాహ్నం దాటాక ఒళ్ళంతా బొమ్మలేసిన పాత బస్సొకటి, పైన కూడా మనుషులతో, జెండాలతో, డప్పులతో ఊరేగుతూ వచ్చింది. ఆమె రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

“అమ్మా, తప్పుకో! దేశం గెలిచింది!”

“గెలిస్తే గెలిచింది. ఈ బస్సు ఎక్కడికి పోతోంది?”

“ఎక్కడికీ పోదు, తిరుగుతోంది.”

“అయితే గాటూన్ తిరగండి. నా మొగుడు అక్కడ ఓడలు పడుతున్నాడు.”

“ఇవాళా? సెలవు కదమ్మా! ఆయనకెవరూ చెప్పలేదా?”

“నువ్వొచ్చి చెబుదువుగాని, పద.”

లాకుల గేటు దగ్గర కాపలావాడు తాళం తీయనన్నాడట, ఇవాళ సెలవని. “సెలవు కాబట్టే వచ్చాం నాయనా,” అంది పిన్ని. గొంతులు పోయిన నలభై మంది వెనకాల్నుంచి అదే మాట అందుకుంటే అతను తాళం తీసి, తనూ వాళ్ళతో మెట్లెక్కాడు.

పడవలోంచి మాకు కనబడింది మాత్రం ఎరుపు. ఖాళీ మెట్ల మీదికి మా జట్టు ఎర్రచొక్కాలు ఒక్కసారిగా పొంగాయి. వాటి మధ్య ఒక తెల్లటోపీ.

బాబాయ్ తెడ్డు ఆగిపోయింది. నాలుగేళ్ళలో నేను చూడని సంగతి అది.

“వచ్చిందిరా.”

“తెడ్డు వెయ్ బాబాయ్!”

“కాస్త వంగి కూర్చోరా పండితుడా. పడవ పెద్దదిగా కనబడుతుంది.”

వంగాను. ఓడ మా మీదికి వచ్చేసింది. డప్పులు ఇంకా మోగుతున్నాయి, ఎవరో బూర ఊదుతున్నారు. అప్పుడు ఓడ నీడ ముందు మా మీద, తర్వాత నీళ్ళ మీద, తర్వాత గట్టు మీద పడింది. డప్పు ఒకటి ఆగింది. ఇంకోటి ఆగింది. ఒక రాత్రి, సగం పగలు అరిచిన మనుషులు నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో మా తెడ్ల చప్పుడు గట్టు దాకా వినబడి ఉంటుంది. పైనుంచి సన్నతాడు పడింది, నా భుజం మీద. ముడేశాను. బాబాయ్ పడవను సూది గుచ్చినట్టు నిలబెట్టాడు. తాడు పాకుతూ పైకి పోయింది. ఆయన ఎడమ తెడ్డు ఒక్కటి లాగాడు, ఇనుప గోడ మా పక్కనుంచి చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో జరిగిపోయింది. ఉక్కు మోకు బిగిసింది. అంత ఓడ, బుద్ధిగా, లాకులోకి తల వంచింది.

గాడిదలు నడిపేవాళ్ళకు ఇది ఆయనకు ఆఖరి ఓడ అని తెలుసు. గంటలు కొట్టారు, ఒకటి తర్వాత ఒకటి, గట్టు పొడవునా. ఎవరూ ఉత్తర్వు రాయలేదు దానికి.

గంటలు ఆగాక, నీళ్ళ మీదుగా ఒక ఆడగొంతు స్పష్టంగా వచ్చింది.

“ఎగ్బర్ట్! ఇంజనెక్కడ?”

బాబాయ్ రెండు తెడ్లూ నీళ్ళలోంచి ఎత్తి, తలపైకి పట్టుకుని చూపించాడు. మెట్ల మీద ఎర్రచొక్కాలకు ఏమర్థమైందో, నిన్న గోల్ పడ్డప్పుడు కూడా అంత అరవలేదని తర్వాత ప్రమాణం చేశారు. పిన్ని అరవలేదు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని నిలబడింది.

మూడింటికి కార్డు ఇచ్చేసి గేటు బయటికొస్తే ఆమె ఎదురుగా ఉంది. ఆయన రెండు చేతులూ తిప్పి అరచేతులు చూసింది.

“నలభై ఏళ్ళు ఈ కాయలకి కొబ్బరినూనె రాశాను. ఇంజను పిడి వల్ల అన్నావు.”

ఆయన నేల చూశాడు. ఆమె నా వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

“తెలుసు పిన్నీ.”

“ఊరందరికీ తెలుసన్నమాట.”

బస్సులో బాబాయ్‌కి ముందు సీటిచ్చారు. పిన్ని పక్కన కూర్చుంది, మాట్లాడలేదు. గురువారం మాట్లాడలేదు, శుక్రవారం, శనివారం కూడా. బాబాయ్ మా ఇంటికొచ్చి, నా పుస్తకాలు తిరగేసి, “వీటిలో ఏమన్నా మార్గముందేమో చూడరా,” అని అడిగాడు.

ఆదివారం ఆమె చిక్కుడు గింజలు వేసి కొబ్బరిపాలతో అన్నం వండింది. నన్నూ పిలిచింది. ముగ్గురం సగం తిన్నాక, ఆయన పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ అడిగింది.

“ఆ ఓడ ఎంత ఎత్తుంటుంది?”

బాబాయ్ నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ తగ్గించాడు. “ఎంతో లేదే. మన మేడంత.”

“అబద్ధం,” అంది పిన్ని. “నేను చూశాను.”